మెరక చూసుకో, నీడ చూసుకో

ఊరు మారడమంటే మన పెద్దలకు చిన్న సంగతి కాదు. మంచిరోజు చూసేవారు, పాలు పొంగించేవారు, దేవుడి పటమూ పసుపూ కుంకుమా లోపలికి వెళ్ళనిదే మంచమైనా గడప దాటించేవారు కాదు. ఇవన్నీ ఇవాళ మనమూ చేస్తూనే వున్నాం. కాని వాళ్ళు వీటన్నిటికంటె ముందు ఇంకొక పని చేసేవారు. నేల చూసేవారు. ఇది మెరకా, పల్లమా? వాన పడితే నీరు ఎటు వాలుతుంది? సాయంత్రం గాలి ఎటునుంచి వస్తుంది? పడమటి ఎండ ఏ గోడమీద పడుతుంది? ఈ నాలుగూ తేలాక గాని గునపం నేలకు తగిలేది కాదు. మనం మాత్రం పాలు పొంగించడం మన దగ్గర వుంచుకుని, నేల చూసే పని బ్రోకరుకు వదిలేశాం.

నెలరోజులుగా మా ఇంట్లో కాఫీ దగ్గరా, అన్నాల దగ్గరా ఇదే చర్చ. మా బావమరిదికి బెంగుళూరునుంచి విజయవాడకు బదిలీ అయింది. బాంకు ఉద్యోగం, వద్దనడానికి వీల్లేదు, పదోన్నతిమీద వచ్చిన బదిలీ. పదహారేళ్ళుగా అతని కాపురం అక్కడే. ఎనిమిదో తరగతి అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి అక్కడే పుట్టారు. వాళ్ళతోబాటు డెబ్భై రెండేళ్ళ మా అత్తగారు. "బావా, ఇరవయ్యేళ్ళుగా ఆ ఊళ్ళో వున్నావు. ఏ పేటలో దిగమంటావు?" అని అతను ఫోను చేశాడు. నేను జవాబు చెప్పేలోపల మా ఆవిడ ఫోను లాక్కుని, "పేట సంగతి తరవాత. అమ్మను ఈ ఎండలోకి తీసుకొస్తావట్రా?" అంది.

అసలు ప్రశ్న అదే. పేట వెతకడం తేలికే. వెతుకుతున్నది ఎవరికోసమో మరిచిపోకుండా వెతకడమే కష్టం.

ముందు ఎండ సంగతి చూద్దాం. బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున వుంది. విజయవాడ పాతిక మీటర్ల ఎత్తు కూడా లేదు. పైకి పోయినకొద్దీ వెయ్యి మీటర్లకు ఆరు, ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. అంటే బెంగుళూరు చలువ ఆ ఊరి చెట్ల గొప్పే కాదు, ఊరి కింద వున్న పీఠభూమి గొప్ప కూడాను. 2016 ఏప్రిల్‌లో అక్కడ 39 డిగ్రీలు దాటితే ఆ ఊరి చరిత్రకెక్కింది. మా బెజవాడలో మే నెలలో 39 వుంటే, "ఇవాళ కాస్త నయమండీ" అనుకుంటూ పాలవాడు కూడా నవ్వుతాడు. 40 దాటడం మామూలు. 45 దాటిన రోజులూ వున్నాయి. దొరల కాలంలో దీన్ని 'బ్లేజ్‌వాడ' అన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

కాని పగటి ఎండకంటె రాత్రి ఉక్క సంగతి ముఖ్యం. బెంగుళూరులో మే నెల రాత్రి 21, 22 డిగ్రీలకు దిగుతుంది. పగలంతా కాగిన శరీరం రాత్రి తేరుకుంటుంది. ఇక్కడ 28 దగ్గర ఆగిపోతుంది. దానికి తోడు బందరు సముద్రం 70 కిలోమీటర్ల దూరంలోనే వుంది, పక్కన కృష్ణ, ఊరి మధ్య కాలువలు. గాలిలో చెమ్మ ఎక్కువ. చెమట పట్టడంవల్ల చల్లబడమండీ, పట్టిన చెమట ఆరడంవల్ల చల్లబడతాం. గాలిలో చెమ్మ వుంటే అది ఆరదు. రెండు ఊళ్ళలో ఒకే 36 డిగ్రీలు చూపించినా, ఒళ్ళు చెప్పే మాట ఒకటి కాదు.

ఇదంతా మా అత్తగారికి ఫోనులో విన్నవించాను. ఆవిడ సావధానంగా విని, "నాయనా, నేను గుడివాడ దగ్గర పుట్టినదాన్ని. రోహిణి కార్తెలో డాబామీద కూర్చుని వడియాలు పెట్టినదాన్ని. నాకా నువ్వు ఎండ నేర్పడం?" అన్నారు.

అల్లుడు అత్తగారికి ఎదురు చెప్పే ఆచారం మా ఇంట్లో లేదు. అందుకని ఆ మాట డాక్టరుచేత చెప్పించాం. కొత్త ఎండకు శరీరం అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుందట. పెద్దవారికి ఇంకా నెమ్మది. ఆ అలవాటైనా నిలిచేది కాదు. చల్లని చోట కొన్ని వారాలు వుంటే పోతుంది. పుట్టింది గుడివాడ దగ్గరైనా సరే, పదహారేళ్ళు బెంగుళూరులో వున్న శరీరం బెంగుళూరు శరీరమే. ఇంకొకటి కూడా ఆయన చెప్పారు. వయసు మళ్ళినవారికి దాహం తెలియడం తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గిపోతున్నా, "నాకేం దాహంగా లేదే" అంటారు. రక్తపోటుకు వాడే మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి వుంటాయి. వాటిని మనంతట మనం మానెయ్యకూడదు. కాని ఎండల ఊరికి వచ్చేముందు వైద్యుడికి ఆ సంగతి చెప్పి, మోతాదు సరిచూసుకోవాలి. ఊరు మారేవాళ్ళు గాసు కనెక్షనూ, పిల్లల సర్టిఫికెట్లూ జాబితాలో రాసుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు వుంటే ఆ జాబితాలో మొదటి పంక్తి ఇది కావాలి.

మే నెల మధ్యలో మా బావమరిది ఒక్కడే రెండురోజులు సెలవు పెట్టి ఇల్లు చూడడానికి వచ్చాడు. వేసవిలో ఇల్లు వెతకడం శిక్ష అని అందరూ అంటారు. నేనంటాను, అదే వరమని. డిసెంబరులో బెజవాడలో ప్రతి ఇల్లూ స్వర్గమే. ఇంటి నిజస్వరూపం మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు గాని బయటపడదు.

తెలుగు పాఠం చెప్పుకు బతికేవాడికి ఊళ్ళ పేర్లు కనిపిస్తే నోరు ఊరుకోదు. స్కూటరుమీద వెనక కూర్చున్న బావమరిదికి దారిపొడుగునా పాఠం చెప్పాను. 'లంక' అంటే నది నడుమనో, నది అంచునో నీరు విడిచిన నేల. కృష్ణలంక, పటమటలంక అన్న పేర్లు పెట్టినవాళ్ళకు ఆ నేల ఎవరిదో తెలుసు. 2009 అక్టోబరులో ప్రకాశం బారేజి దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు కృష్ణలంక తన పేరుకు అర్థం చెప్పింది. 2024 సెప్టెంబరులో అంతకంటె ఎక్కువగా 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినా, ఈలోగా కట్టిన రక్షణగోడ ఆ పేటను చాలావరకు కాచింది. అంటే పేరు హెచ్చరిక చేస్తుందే గాని శాపం పెట్టదు. మనిషి గోడ కడితే నేల గుణం కొంత మారుతుంది. కాని గోడ వుందో లేదో, ఎక్కడిదాకా వుందో చూసుకోవలసింది మనమే.

ఇక బుడమేరు. పేరులోనే ఏరు వుంది. మైలవరం వైపు కొండల్లో పుట్టి, ఊరికి ఉత్తరంగా వచ్చి, కొల్లేరులో కలుస్తుంది. ఏడాదిలో చాలా నెలలు దాన్ని చూసినవాళ్ళు మురుగుకాలువ అనుకుంటారు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, దాని వరదను కృష్ణలోకి మళ్ళించడానికి ఒక కాలువ తవ్వారు. ఏర్పాటు బాగానే వుంది. అయితే కృష్ణ కూడా నిండుగా వున్న రోజున ఆ మళ్ళించిన నీరు ఎక్కడికి పోవాలి? 2024 ఆగస్టు చివరా సెప్టెంబరు మొదటా అదే జరిగింది. కుండపోత వాన, ఏట్లో వరద, నదిలో వరద. మళ్ళింపు కాలువకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, ఆ చుట్టుపట్ల పేటలు రోజుల తరబడి నీళ్ళలో వున్నాయి. 2005లోనూ బుడమేరు ఆ వైపు ముంచింది. 'బెజవాడ దుఃఖదాయిని' అని ఆ ఏటికి ఊరికే పేరు రాలేదు.

ఆ వైపే ఒక ఇల్లు చూశాం. మూడు పడకగదులు, ముందు చిన్న తోట, అద్దె అడిగితే మా బావమరిది ముఖం విప్పారింది. బెంగుళూరులో ఆ డబ్బుకు గారేజి కూడా రాదన్నాడు. ఇల్లు చూపిస్తున్నతను తాళాలు గలగలలాడిస్తూ, "ఇవాళ కాకపోతే రేపుండదండీ" అన్నాడు. నేను వీధిలోకి వచ్చాను. ఎదురుగా చెట్టుకింద ఇస్త్రీ బండి. ఆ బండిమనిషిని అడిగాను: "ఈ వీధిలో గోడలన్నిటికీ భుజం ఎత్తువరకే కొత్తరంగు వేశారేం?"

అతను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "అక్కడిదాకా వచ్చాయి కదండీ నీళ్ళు. మా బండి ఐదోనాడు దొరికింది" అన్నాడు.

ఆ మాట విన్నాక బావమరిది మరి తోట సంగతి ఎత్తలేదు. ఆ పేటలో వేలమంది కాపురాలు చేసుకుంటున్నారు; వరద తరవాత మళ్ళీ ఇళ్ళు కడుక్కుని, సామాను కొనుక్కుని, నిలదొక్కుకున్నారు. వాళ్ళ ధైర్యానికి దండం పెట్టాలి. కాని కదలలేని పెద్దప్రాణాన్ని వెంటబెట్టుకుని కొత్తగా వచ్చేవాడు, ఎంచుకునే వీలున్నవాడు, తెలిసి ఆ పల్లంలోకి దిగనక్కరలేదు. ఈ సందర్భంగా చదువరులకు ఒక్క మాట: ఇంటిని గురించి ఇంటివాణ్ణి అడక్కండి, బ్రోకరును అడక్కండి. ఇస్త్రీ బండిమనిషిని, కిళ్ళీకొట్టువాణ్ణి, వీధి కుళాయి దగ్గర బిందె పెట్టిన ఇల్లాలిని అడగండి. వాళ్ళకు అబద్ధం చెప్పవలసిన అవసరం లేదు.

ఉత్తరం కాదనుకున్నాక, కొండల వైపు చూశాం. మొగల్రాజపురం, గుణదల. మంచి పేటలే, అన్నీ దగ్గరే. అయితే రాతికొండ పగలంతా ఎండను మింగి, రాత్రి అంతా నెమ్మదిగా కక్కుతుంది. కొండనానుకున్న ఇళ్ళలో రాత్రి పదిగంటలకు గోడమీద చెయ్యి పెడితే, అప్పుడే దించిన అట్లపెనంలా వుంటుంది. పైగా 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళమీద పడి ప్రాణాలు పోయాయి. ఆ పేటల్లోనే కొండకు దూరంగా, చదునునేలమీద వున్న వీధులకు ఈ బాధ లేదు. కాని అక్కడ అద్దెలు కొండంత వున్నాయి.

పడమట గొల్లపూడి. 2020 అక్టోబరులో కనకదుర్గ ఫ్లైఓవరు తెరిచాక రాకపోకలు తేలికయ్యాయి. అయినా మా బావమరిది బాంకు బందరు రోడ్డుమీద. రోజూ ఊరు ఈ చివరినుంచి ఆ చివరికి రెండుసార్లు దాటాలి. బెంగుళూరులో పదహారేళ్ళు రోడ్లమీద గడిపినవాడికి ఇక్కడా ఆ వైభోగం ఎందుకు?

కృష్ణ దాటితే తాడేపల్లి, మంగళగిరి. 2021లో రెంటినీ కలిపి కార్పొరేషను చేశారు. ఎయిమ్స్ ఆస్పత్రి వుంది, విశాలమైన రోడ్లు వున్నాయి. ఫోనులో వింటున్న మా అత్తగారు, "అక్కడే చూడండి" అన్నారు. ఆస్పత్రి వుందని కాదు, పానకాలస్వామి వున్నాడని. దేవుడే బెల్లం పానకం తాగి చల్లగా వున్న ఊళ్ళో మనకేం భయమని ఆవిడ వాదన. నేను కాదనలేదు. కాని పిల్లల బడి, తండ్రి బాంకు ఏటికి ఈవలా, ఇల్లు ఆవలా అయితే, వారధిమీద ఏ లారీ ఆగిపోయినా ఆ పూట గడియారం కూడా ఆగిపోతుంది.

చివరికి తూర్పున బందరు రోడ్డు వెంట వున్న పేటలు మిగిలాయి: పటమట, కానూరు, తాడిగడప, పోరంకి. పటమటలో ఆటోనగర్ చప్పుడుకు దూరంగా వున్న వీధులు బాగున్నాయి గాని ఇల్లు ఖాళీ లేదు. కానూరునుంచి పోరంకివరకు కొత్త ఇళ్ళు, బడులు, కాలేజీలు. ఇక్కడ మెరక వీధీ పల్లపు వీధీ పక్కపక్కనే వుంటాయి. పేట పేరు చూసి తృప్తిపడితే లాభం లేదు, వీధి వీధీ విడిగా చూసుకోవాలి. ఇంకొక సంగతి కొత్తవాళ్ళకు తెలియదు. ఊరు ఒకటిగా కనిపిస్తుంది గాని, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు ముఖ్యపట్టణమైతే, కానూరూ పోరంకీ వున్న పెనమలూరు మండలం కృష్ణా జిల్లాలో వుండిపోయింది. నది దాటితే గుంటూరు జిల్లా. రేషను కార్డు మొదలు రిజిస్ట్రేషనుదాకా ఏ పనికి ఏ కార్యాలయానికి పోవాలో దిగకముందే కనుక్కోవాలి.

పేట తేలింది. ఇప్పుడు అంతస్తు. ఇక్కడే నిజమైన తగువు వచ్చింది. మా బావమరిది, "వరద చూశాను కదా, పై అంతస్తు తీసుకుందాం" అన్నాడు. మా ఆవిడ, "పై అంతస్తు అంటే అమ్మను పెనంమీద కూర్చోబెట్టడమే" అంది. ఇద్దరిదీ నిజమే. ఈ ఊళ్ళో నీళ్ళు కిందినుంచి వస్తాయి, ఎండ పైనుంచి వస్తుంది. కిందివాడు ఏటికి భయపడాలి, పైవాడు సూర్యుడికి భయపడాలి. అందువల్ల తల మీద ఇంకొకరి కాపురం, కాళ్ళకింద ఇంకొకరి కాపురం వుండే నడిమి అంతస్తే మేలు. అయితే పెద్దావిడ మెట్లెక్కలేరు, లిఫ్టు వుండాలి. లిఫ్టు వుంటే చాలదు, కరెంటు పోయినప్పుడు దాన్ని నడిపే జనరేటరు వుండాలి. ఆ జనరేటరు గదీ, కరెంటు మీటర్లూ నేలమాళిగలో కాక మెరకమీద వుండాలి. నీళ్ళు వచ్చిననాడు మొదట మునిగేది నేలమాళిగే. ఈ ప్రశ్న అడిగితే ఒక ఇంటి యజమాని నన్ను ఎగాదిగా చూసి, "మీరు ఇంజనీరాండీ?" అన్నాడు. "కాదండీ, తెలుగు మేష్టర్ని" అన్నాను. ఆయనకు నమ్మకం కలగలేదు.

దిక్కుల మాట. ఈశాన్యం మూల, ఆగ్నేయం వంట అని మనవాళ్ళు పట్టుబడతారు, పట్టుబడనివ్వండి. నేను చూసేది ఒక్కటే: పడమటి గోడకు ఏ గది ఆనుకుని వుంది? పడకగది అయితే ఆ ఇల్లు వద్దు. మెట్లో, స్నానాలగదో, సామానుగదో అయితే మంచిది. ఎండ దెబ్బ అవి కాస్తాయి. పడమటినుంచి పక్కింటి గోడ అడ్డువుంటే వెలుతురు తగ్గిందని బాధపడకండి, అది దేవుడు పంపిన గొడుగు. ఇల్లు మధ్యాహ్నం రెండుకు ఒకసారి, రాత్రి పదికి ఒకసారి చూడండి. రాత్రి గోడమీద అరచెయ్యి ఆనించండి. ఆ వేడే మీ నిద్ర.

అలా చూడగా చూడగా కానూరులో ఒక ఇల్లు దొరికింది. ఐదంతస్తుల్లో రెండోది. పడమట మెట్లు. ఇంటిముందు వేపచెట్టు. వీధి రోడ్డుకంటె మెట్టగా వుంది. ఇస్త్రీమనిషి సాక్ష్యం కూడా అనుకూలంగా వచ్చింది. బడి నడిచిపోయే దూరం. మా బావమరిది ఉత్సాహంగా, "అద్దె ఎందుకు బావా, అప్పు తీసుకుని ఇదే భవనంలో ఒకటి కొనేస్తాను" అన్నాడు. నేను వద్దన్నాను. కొత్త ఊళ్ళో ఇల్లు కొనేవాడు ముందు అక్కడ ఒక వేసవీ ఒక వానకాలమూ అద్దెకు వుండాలి. బోరునీళ్ళు ఏప్రిల్‌లో ఎంత లోతుకు పోతాయో, సెప్టెంబరు వానకు సందుచివర ఎంత నీరు నిలుస్తుందో కాగితాల్లో రాసి వుండదు. పన్నెండు నెలల అద్దె దండగ కాదు. ఇరవయ్యేళ్ళ అప్పుకు అది మంచి భీమా.

పిల్లల సంగతికి వస్తే, అమ్మాయి ఇన్నాళ్ళూ కన్నడం చదివింది. ఎనిమిదో తరగతిలో తెలుగు ఎలా పట్టుకుంటుందని వాళ్ళమ్మకు దిగులు. "అన్నయ్యగారూ, మీరే దిక్కు" అంది. నాకు ఆ దిగులు లేదు. తెలుగు లిపీ కన్నడ లిపీ ఒకే తల్లి బిడ్డలు. ఒకప్పుడు రెంటికీ ఒకే రాత. తరవాత తలకట్టు దగ్గరా, కొమ్ముల దగ్గరా విడిపోయాయి. కన్నడం చదివే పిల్ల తెలుగు అక్షరాలు చూస్తే పక్కింటి పిన్నిని చూసినట్టే వుంటుంది. ఇంట్లో మాట తెలుగే కాబట్టి, రెండు నెలల్లో చదువుతుంది, రాయడానికి ఏడాది. కన్నడం మాత్రం మరిచిపోనివ్వవద్దని చెప్పాను. చిన్నప్పుడు దొరికిన భాష పెద్దయ్యాక కొన్నా రాదు.

పిల్లాడి ప్రశ్న వేరు. "మామయ్యా, అక్కడ మధ్యాహ్నం క్రికెట్ ఆడుకోవచ్చా?" అన్నాడు. ఆడుకోకూడదు. పొద్దున్న ఎనిమిదిలోపూ, సాయంత్రం ఐదు తరవాతా. ఈ ఊళ్ళో వేసవి కాపురానికి వేళలు వేరు. పొద్దున్న తొమ్మిదికల్లా కిటికీలు మూసి తెరలు దించాలి, పొద్దుగూకాక అన్నీ బార్లా తెరవాలి. పై అంతస్తులో వుండేవాళ్ళు డాబామీద తెల్లసున్నం కొట్టిస్తే, లేదా తాటాకుల పందిరి వేయిస్తే తేడా తెలుస్తుంది. కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లితే సువాసనా చలువా రెండూను. అయితే గాలిలో చెమ్మ ఎక్కువైన రోజున దానివల్ల ప్రయోజనం తక్కువ. కుండనీళ్ళు, ఉప్పువేసిన పల్చటి మజ్జిగ, గంజి, తాటిముంజలు మన తాతలనాటివే. ఎవరూ వాటిని ఇంకా మించలేదు. ఏ.సి. పెట్టుకున్నా తప్పులేదు, పెద్దవారున్న ఇంట్లో అది విలాసం కాదు. ఒక్కటి మాత్రం ఇంటిల్లిపాదికీ తెలిసి వుండాలి. ఎండలో వున్న మనిషి మాట తడబడినా, తికమకగా మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్ళు పోసి, విసురుతూ వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఇన్నీ అయ్యాక మళ్ళీ మొదటి ప్రశ్నే మిగిలింది. అత్తగారు ఎప్పుడు రావాలి? మా ఆవిడ, కార్తీకమాసందాకా బెంగుళూరులోనే పెద్దక్కయ్యగారింట్లో వుండమంది. చలికాలంలో వస్తే, వేసవి మెల్లమెల్లగా ఎక్కుతుంది, శరీరం దానితోబాటే ఎక్కుతుంది. శాస్త్రం ప్రకారం అదే సరి. అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నారు: "ఎండ సంగతి మీరంతా లెక్కకట్టారు. బాగానే వుంది. పదహారేళ్ళుగా నేను పగలు నాలుగు గోడలమధ్య వున్నాను. ఇరుగుపొరుగు మంచివాళ్ళే, నవ్వుతారు. నాకు వాళ్ళ మాట రాదు, వాళ్ళకు నా మాట రాదు. అక్కడ సాయంత్రం కిందికి దిగితే కూర్చుని తెలుగులో మాట్లాడేవాళ్ళు నలుగురు వున్నారేమో చూశారా? అది చూడండి ముందు. ఈ వయసులో నాకు కార్తీకం దూరం."

ఫోనులో ఆ చివర ఆవిడ, ఈ చివర మా ఆవిడ. ఇద్దరూ కాసేపు వూరుకున్నారు. మేము నేల చూశాం, నీరు చూశాం, గోడ చూశాం. ఆవిడ అడిగిన నీడ మా జాబితాలో లేదు.

ఆ సాయంత్రం మా ఆవిడే స్వయంగా కానూరు వెళ్ళింది. వేపచెట్టు కింద సిమెంటు బల్ల వుందట. ఆరుగంటలకు ఆ బల్లమీద ముగ్గురు పెద్దముత్తయిదువలు కూర్చుని, ఎవరి కోడలు ఏ కూర వండిందో తేల్చుకుంటున్నారట. వాళ్ళలో ఒకావిడది గుడివాడేనట. ఈ సమాచారం అందగానే అత్తగారు బేరానికి దిగారు. చివరికి కుదిరిన రాజీ ఇది: బావమరిది జూన్‌లో ముందుగా వచ్చి ఉద్యోగంలో చేరతాడు. బడులు తెరిచేసరికి పిల్లలూ తల్లీ వస్తారు. వానలు బాగా పట్టాక, జూలైలో అత్తగారు. వచ్చిన మొదటి రెండువారాలూ పగలు గడప దాటరు, గంటకొకసారి దాహం వున్నా లేకపోయినా గ్లాసెడు మజ్జిగో నీళ్ళో తాగుతారు, మాత్రల సంగతి డాక్టరు చూస్తాడు. సాయంత్రం మాత్రం వేపచెట్టు ఆవిడది. దానిమీద ఎవరికీ అధికారం లేదు.

ఈ వేసవిలో మీలోనూ ఎందరో మూటాముల్లే సర్దుకుంటూ వుంటారు. బదిలీమీద కొందరు, పిల్లల చదువుకు కొందరు, ఉద్యోగం విరమించి సొంతగడ్డకు కొందరు. చల్లని ఊరినుంచి వేడి ఊరికి వచ్చేవారు మెరక చూసుకోండి, పడమటి గోడ చూసుకోండి, మే నెల రాత్రి ఆ గోడమీద చెయ్యి వేసి చూడండి. ఇంట్లో అందరికంటె పెద్దవారినీ అందరికంటె చిన్నవారినీ పక్కన కూర్చోబెట్టుకుని, "నీకేం కావాలి?" అని అడగండి. మిగిలినవాళ్ళం ఎక్కడైనా సర్దుకుంటాం. ఊరి ఎండ అందరికీ ఒకటే, దాన్ని మార్చలేం. ఎవరిమీద ఏ నీడ పడాలో మాత్రం చాలావరకు మన చేతిలోనే వుంది.